అమ్మ ఇల్లు కదల్లేదు, వేలిముద్రతో డబ్బు పోయింది: ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేస్తే పింఛను ఆగుతుందా?

పల్నాటి_వాసు
శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా అమ్మ పొదుపు ఖాతాలోంచి పదివేలు, పదివేలు, పదివేలు, చివర్లో 7,500 పోయాయి. ఓటీపీ రాలేదు, ఫోన్ రాలేదు. లింకు నొక్కిందేమో అంటారా, అమ్మది బటన్ల ఫోను. ఏటీఎం కార్డు వచ్చిన కవరు బీరువాలో అలాగే ఉంది, విప్పలేదు. ఎరువుల డబ్బు తీద్దామని బ్యాంకుకెళ్తే సరిపడా బ్యాలెన్స్ లేదన్నారట. పాసుబుక్కు ప్రింటు వేయించి చూస్తే ఆ నాలుగు పద్దుల పక్కనా ఏఈపీఎస్ అని ఉంది.

కౌంటర్లో ఉన్నాయన ‘వేలిముద్ర పడింది కదమ్మా, మీరే తీసుంటారు. లేదా మీ ఇంట్లోవాళ్లు తీయించుంటారు’ అన్నాడట. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది, నేను బెంగళూరులో ఉంటాను. బ్యాంకులో ఉన్న నంబరు నాన్నది. ఆయన పోయాక ఆ సిమ్ ఆగిపోయింది, అందుకే మెసేజ్ రాలేదు. ఆధార్‌కి మాత్రం అమ్మ నంబరే ఉంది.

ఇందాకే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేశాను, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. ఇప్పుడు నా సందేహాలు. డబ్బు తిరిగొచ్చే దారేమన్నా ఉందా? వేలిముద్రతో ఆధార్ పనిచేయకుండా బయోమెట్రిక్ లాక్ చేయమని ఆఫీసులో చెప్తున్నారు, కానీ సచివాలయం అబ్బాయి ‘లాక్ చేయిస్తే ఒకటో తారీకు పింఛను ఇవ్వలేం పెద్దమ్మా’ అన్నాడట. అమ్మకి వితంతు పింఛను వస్తుంది, రేషనూ తనే వెళ్లి తెచ్చుకుంటుంది. ఏం చేయమంటారు?

రిటైర్డ్_క్యాషియర్
శనివారం రాత్రి 9:40

వాసు గారూ, 1930కి చేశారు, మంచి పని. ఆ కౌంటర్ ఆయన మాట పట్టించుకోకండి. ముప్పై ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, జవాబు తెలియనప్పుడు మావాళ్లు అనే మొదటి మాట అదే.

ఏఈపీఎస్ అంటే జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ నడిపే ఆధార్ చెల్లింపుల వ్యవస్థ. కార్డు, పిన్, ఓటీపీ ఏవీ అడగదు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలు ఉంటే చాలు, కిరాణా కొట్టు పక్కనున్న మైక్రో ఏటీఎం అనే చిన్న మిషన్లో దఫాకి పదివేల దాకా తీయొచ్చు. మీ అమ్మగారి డబ్బు పదేసి వేలుగా పోయింది అందుకే. చాలా బ్యాంకుల్లో ఖాతాకి ఆధార్ జోడించగానే ఈ సౌకర్యం దానంతటదే మొదలైపోతుంది. ఖాతాదారుణ్ణి అడిగేదీ లేదు, చెప్పేదీ లేదు.

ఇంకో సంగతి. ప్రభుత్వ డబ్బు పడే ఖాతాకే ఈ బెడద అనుకుంటారు చాలామంది. కాదండీ. ఆధార్ జోడించి ఉంటే చాలు, ఆ బ్యాంకు పేరు చెప్పి అందులోంచీ తీయొచ్చు. అమ్మగారికి వేరే బ్యాంకులో ఖాతా ఉందేమో చూడండి. రేపు ఆదివారం బ్యాంకుకి సెలవు, ఏఈపీఎస్‌కి సెలవు లేదు.

మైక్రోఏటీఎం_మల్లన్న
శనివారం రాత్రి 10:05

నేను జనగామ దిక్కు ఒక సర్వీస్ పాయింట్ నడుపుత. దినాం ఇదే పని. లోపలి ముచ్చట చెప్త.

పొలం పనికి పోయే ముసలోళ్ల వేళ్లు అరిగిపోయి ఉంటయి. స్కానర్ ఎర్ర లైటు మీద పెడితే ఒకసారికి పడది. జుట్టుకు రుద్దుకొని కొంచెం నూనె తడి తగిలినంక మళ్ల పెడ్తరు. బొటనవేలు కాకుంటే చూపుడు వేలు, అదీ కాకుంటే ఇంకోటి. ఏ వేలైనా నడుస్తది. గిక్కడనే మోసం చేసేటోడు చేస్తడు. ఒకసారి ముద్ర పడ్డా ‘పడలే అవ్వా, మళ్ల పెట్టు’ అంటడు. రెండోసారి పెట్టించి ఇంకో పదివేలు గుంజుతడు. అవ్వకు రెండు వేలు చేతుల పెట్టి పంపిస్తడు. స్క్రీన్ మనదిక్కు ఉంటది, ఆమె దిక్కు ఉండదు కదా.

వాసు అన్నా, మీ అమ్మ ఈ మధ్య యాడనన్న వేలు పెట్టిందా అడుగు. పింఛను, రేషను గాక. సిమ్ తీసుకున్నదా, ఈ-కేవైసీ అని ఎవలన్న ఊర్లకొచ్చిండ్రా? డబ్బు పోయిన టైముల ఆమె ఇంట్లనే ఉన్నదంటే మాత్రం అది ముద్ర అచ్చు తీసిన కేసు. పాసుబుక్కుల లావాదేవీ నంబరు ఉంటది, దాన్ని బట్టి ఏ ఊరు మిషనో బ్యాంకోళ్లకు తెలుస్తది. ‘మాకు తెల్వదు’ అంటే నమ్మకు.

పల్నాటి_వాసు
శనివారం రాత్రి 10:21

ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. సిమ్ తీసుకోలేదు, ఎవరూ రాలేదు. పోయినేడు మాత్రం నాన్న వాటా పొలం అమ్మాం, అమ్మ రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేలిముద్రలు వేసింది. అంతే.

తెనాలి_టెకీ
శనివారం రాత్రి 10:34

ఆ ‘అంతే’ దగ్గరే ఆగాలి సోదరా.

రిజిస్ట్రేషన్ చట్టంలో 32ఏ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ దస్తావేజు మీద ఫోటో అంటించి వేలిముద్ర వేయాలి. తర్వాత ఆ కాగితాలన్నీ స్కాన్ చేసి వెబ్‌సైటులో పెట్టారు, ఎవరైనా నకలు తీసుకోవచ్చన్నారు. అందులో పేరు, చిరునామా, చాలాచోట్ల ఆధార్ నంబరు, దాని పక్కనే ముద్ర. క్యాషియర్ గారు చెప్పిన మూడింట్లో రెండు ఒకే పేజీలో దొరుకుతున్నాయి. మూడోది బ్యాంకు పేరు. వరసపెట్టి ఒక్కోటీ ప్రయత్నించినా దొరుకుతుంది.

ఇది నా ఊహ కాదు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ సైటు నుంచి దస్తావేజులు దించి, ముద్రలకు రబ్బరు అచ్చులు చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. వాడికి కావలసింది సిమ్‌ల టార్గెట్టు. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఆంధ్ర రిజిస్ట్రేషన్ దస్తావేజులతో అదే పని చేసి ఏకంగా బ్యాంకు ఖాతాల మీద పడింది. ఇలాంటివి బయటపడ్డాకే సైట్లలో ముద్రలు కనపడకుండా చేయడం మొదలైంది. అంతకుముందే దించుకున్న కాపీలు ఎవరి దగ్గరున్నాయో ఎవరు చెప్పగలరు? పైగా ఆఫీసులో తీసుకున్న నకళ్లు, డాక్యుమెంట్ రైటర్ కంప్యూటర్‌లో ఉండిపోయిన స్కాన్లు, జిరాక్సు షాపు పెన్‌డ్రైవు వేరే.

సరే, వాసూ, ఈ రాత్రికి లాక్ వేసెయ్. మై ఆధార్ సైటులో అమ్మ నంబరుతో లాగిన్ అయితే బయోమెట్రిక్ లాక్ అని ఉంటుంది. ఓటీపీ అమ్మ ఫోనుకొస్తుంది, చదివి చెప్పమను. పింఛను సంగతి తీరిగ్గా చూద్దాం.

డాలస్_శ్రీలత
శనివారం రాత్రి 11:02

ఇది చదివాక నాకు చెమటలు పడుతున్నాయి. పోయిన వేసవిలో ఇండియా వచ్చినప్పుడు ఏలూరులో మా స్థలం అమ్మి రిజిస్ట్రేషన్ చేశాం. నావి, అమ్మవి, నాన్నవి, ముగ్గురి ముద్రలూ ఉన్నాయి ఆ కాగితాల మీద. నాన్న రైల్వేలో రిటైరయ్యారు, పెన్షన్ ఖాతాకి ఆధార్ లింకు ఉంది. ఇక్కడి నుంచి మా ముగ్గురివీ లాక్ చేయొచ్చా?

తెనాలి_టెకీ
శనివారం రాత్రి 11:10

శ్రీలత గారూ, చేయొచ్చు. ఆధార్‌కి ఏ మొబైల్ ఇచ్చారో ఆ నంబరుకి ఓటీపీ వస్తుంది, అది అందుబాటులో ఉంటే ఎక్కడి నుంచైనా అవుతుంది. మీది ఇండియా నంబరు రోమింగ్‌లో బతికి ఉందా లేదా చూసుకోండి. నంబరు మార్చాలంటే ఆధార్ కేంద్రంలో మార్పించుకోవచ్చు. మీకు ఇండియాలో నెలనెలా వేలు పెట్టే పనేమీ లేదు కాబట్టి మీది కళ్లు మూసుకుని లాక్ చేసేయండి.

లాగిన్ అయ్యాక ఆథెంటికేషన్ హిస్టరీ కూడా తెరవండి. ఆరు నెలల్లో మీ ఆధార్‌ని ఎవరు, ఎప్పుడు, వేలుతోనా ఓటీపీతోనా సరిచూశారో ఉంటుంది. వాసూ, ఇది నీకు మరీ ముఖ్యం. అమ్మ హిస్టరీ తీసి, డబ్బు పోయిన తేదీల్లో పడ్డ వేలిముద్ర ఎంట్రీలు ప్రింటు తీసి పెట్టుకో. సాక్ష్యం.

బీడీల_బిడ్డ
ఆదివారం ఉదయం 6:48

రాత్రంతా అందరు లాక్ చెయ్ లాక్ చెయ్ అంటున్నరు. మంచిదే. కని మీరు చెప్పేది స్మార్ట్‌ఫోన్ ఉన్నోళ్ల ముచ్చట.

మా అమ్మ కామారెడ్డి దిక్కు ముప్పై ఏండ్ల సంది బీడీలు చేస్తది. ఆమె బొటనవేలు చూస్తే గీతలే ఉండయి, నున్నగ అద్దం లెక్క ఉంటది. పోస్టాఫీసుల పింఛనుకు పోతే వేలు పడక కంటి మిషను తెచ్చేదాక అరుగు మీద కూసుంటది. రేషన్ షాపుల సుత అదే కథ. ఇప్పుడు దాని మీద లాక్ వేస్తే వేలు పడది, కన్ను పడది, మొహం పడది. డీలరుకు స్క్రీన్ మీద 330 అని నంబరు వస్తది. గదంటే లాక్ ఉన్నదని ఆయనకు తెల్వది, ‘నీ ఆధారే పోయింది, మీ-సేవకు పో’ అంటడు. మీ-సేవ పన్నెండు కిలోమీటర్లు. ఒకరోజు కూలి పాయె.

దొంగలు పది మంది ఉన్నరని పదివేల మంది ముసలోళ్లను తాళం తీసుడు వేసుడు నేర్చుకోమంటే ఎట్ల? సచివాలయం పిల్లగాడు తప్పు చెప్పలే. లాక్ వేస్తే పింఛను అయితలేదు, నిజమే.

రిటైర్డ్_క్యాషియర్
ఆదివారం ఉదయం 7:30

తమ్ముడి మాటతో ఏకీభవిస్తాను. అందుకే నేను రాత్రి లాక్ ఊసెత్తలేదు. దొంగ దొడ్డిగుమ్మం నుంచి వస్తుంటే వీధి తలుపుకి తాళం వేసి ఇంటావిణ్ణే బయట నిలబెట్టినట్టుంది వ్యవహారం. ఇక్కడ డబ్బు పోతున్నది బ్యాంకు ఖాతా నుంచి. మూయాల్సిందీ అక్కడే.

బ్యాంకులో ఏఈపీఎస్ డెబిట్ ఒక్కటే ఆపించవచ్చు. కొన్ని బ్యాంకులు యాప్‌లోనే మీట పెట్టాయి, లేనిచోట శాఖలో ఉత్తరం ఇవ్వాలి. అప్పుడు పింఛనుకి వేలు పనిచేస్తుంది, రేషనుకి పనిచేస్తుంది, మైక్రో ఏటీఎంలో మాత్రం ఆ ఖాతా నుంచి రూపాయి రాదు.

ఒక్క జాగ్రత్త. ‘ఆధార్ తీసేయండి’ అని మాత్రం అడగకండి. కొత్తగా వచ్చిన పిల్లలు అడిగినదే చేసి పెడతారు, అప్పుడు గ్యాస్ రాయితీ దగ్గర్నుంచి పీఎం కిసాన్ దాకా జమలన్నీ ఆగుతాయి. ఆధార్ జోడింపు ఉండాలి, తీసే దారి మూసుకోవాలి. ఉత్తరంలో ఈ మాటలు అలాగే రాయండి:

‘నా ఖాతా నుంచి ఆధార్ ఆధారిత నగదు ఉపసంహరణ, అనగా ఏఈపీఎస్ డెబిట్ సౌకర్యాన్ని వెంటనే నిలిపివేయగలరు. ఆధార్ అనుసంధానాన్ని, ప్రభుత్వ పథకాల జమలను యథాతథంగా కొనసాగించగలరు. ఖాతాకు నమోదైన మొబైల్ నంబరును మార్చి ఈ క్రింది నంబరును నమోదు చేయగలరు.’

రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకదాని మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోకుండా కదలకండి. నోటిమాటగా ‘చేసేస్తాంలేమ్మా’ అన్నారంటే అది అయినట్టు కాదు.

మైక్రోఏటీఎం_మల్లన్న
ఆదివారం ఉదయం 8:15

సార్ చెప్పింది కరెక్టే గని ఒకటి మర్చిపోయిండు. మా ఊర్ల ముసలోళ్లకు బ్యాంకు దూరం, ఏటీఎం రాదు. ఉపాధి హామీ కూలి పైసలు నా దగ్గరనే తీస్తరు. ఏఈపీఎస్ మొత్తం బంద్ పెడితే వాళ్లు ఆటో కిరాయి పెట్టుకొని మండలానికి పోవాలె.

నేనైతే మా అవ్వలకు ఇంకో తీరు చెప్త. కూలి పైసలు పడే ఖాతాల ఖర్చులకు సరిపోనే ఉంచుకొని, భూమి అమ్మిన పైసలు, బిడ్డ పెండ్లికి దాసుకున్నయి ఉంటే ఫిక్సుడు వేసుకోమంట. ఫిక్సుడుల ఉన్నది నా మిషనుకు రాదు. ఇంకోటి, వేలు పెట్టే ముందు ఎంత కొట్టిండో స్క్రీన్ చూపియ్యమని అడగాలె. అయినంక రసీదు కావాలనాలె. ‘ఫెయిల్ అయింది’ అన్నా సరే ఫెయిల్ రసీదు సుత వస్తది. అది ఇయ్యనోని దగ్గర మళ్ల వేలు పెట్టొద్దు.

మా మీద సుత ఇప్పుడు గట్టిగనే ఉన్నది. రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌ల ఆర్డర్ ఇచ్చింది, 2026 జనవరి 1 సంది అమలు. ఆపరేటర్ ఎవడు, యాడ ఉన్నడు అని బ్యాంకు మంచిగ విచారణ చేసినంకనే పాయింటు ఇయ్యాలె. మూడు నెలలు పని చెయ్యకుంటే మళ్ల కేవైసీ చెయ్యాలె. ఎవని ఐడీతోనో ఎవడో నడిపే దందా తగ్గుతదని ఆశ.

సాయం_రికవరీ_24
ఆదివారం ఉదయం 9:03

[ఈ సందేశాన్ని నిర్వాహకులు తొలగించారు]

నిర్వాహకుడు
ఆదివారం ఉదయం 9:20

పైన ‘పోయిన డబ్బు 48 గంటల్లో తిరిగి ఇప్పిస్తాం, టెలిగ్రామ్‌లో కలవండి’ అని పెట్టిన ఖాతాను తీసేశాను. ఇవాళే చేరిన సభ్యుడు, మొదటి పోస్టే ఇది. డబ్బు పోయినవాళ్లు ఎక్కడ బాధ చెప్పుకుంటారో అక్కడే వీళ్లు కాచుకుని ఉంటారు. సైబర్ పోలీసులమనో, లాయర్లమనో, రిజర్వ్ బ్యాంకు ఏజెంట్లమనో చెప్పి ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ అంటూ రెండోసారి లాగుతారు. ఇక్కడెవరికైనా ప్రైవేటు మెసేజ్ వచ్చి ఉంటే జవాబివ్వకుండా నాకు పంపండి.

వాసు గారూ, మీరు ఉదయం పెట్టిన పాసుబుక్కు ఫోటో కూడా తీసేశాను, ఏమనుకోకండి. ఖాతా నంబరు, కస్టమర్ ఐడీ, బ్యాంకు శాఖ, అమ్మగారి పూర్తి పేరు అన్నీ కనపడుతున్నాయి. మీరు దిద్దిన నల్లరంగు పలచగా ఉంది, ఫోనులో వెలుతురు పెంచితే కింది అంకెలు చదవగలిగాను. అలా గీసేబదులు ఆ ముక్క కత్తిరించేసి పెట్టండి.

కోర్టుపక్షి
ఆదివారం ఉదయం 11:47

కర్నూలు నుంచి. ఇలాంటి కేసులు మా దగ్గరికి వస్తానే ఉంటాయి కాబట్టి డబ్బు సంగతి నేను చెప్తా.

వాసు గారు పట్టుకోవాల్సిన కాగితం రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్, 2025 నవంబరులో దాన్ని కొత్త ఆదేశాల్లో కలిపేసినారు. ఖాతాదారు అనుమతి లేని ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో నష్టం ఎవరిదో అందులో ఉంది. తప్పు బ్యాంకుదైతే ఖాతాదారు చెప్పినా చెప్పకపోయినా మొత్తం బ్యాంకే భరించాల. తప్పు బ్యాంకుదీ కాదు, ఖాతాదారుదీ కాదు, మధ్యలో ఎక్కడో జరిగిందనుకుందాం. మన అమ్మగారిది అదే. అప్పుడు 3 పనిదినాల్లోపల బ్యాంకుకి చెప్పినామంటే మన నష్టం సున్నా. 4 నుంచి 7 పనిదినాల మధ్యలో చెప్తే మామూలు పొదుపు ఖాతాకి లావాదేవీకి గరిష్ఠంగా 10,000 మన మీద పడతాది. ఇక్కడ ఒక్కో లావాదేవీ పదివేలకి మించలేదు కాబట్టి ఆ 3 రోజుల గడువు దాటితే మనకు మిగిలేదేమీ లేదు. 7 దాటితే బ్యాంకు బోర్డు పాలసీ ఎట్లుంటే అట్ల.

ఆ రోజులు లెక్కబెట్టేది దొంగతనం జరిగిన నాటి నుంచి కాదు, బ్యాంకు నుంచి సమాచారం మనకి అందినప్పటి నుంచి. అమ్మగారికి మెసేజ్ అందలేదు. పాసుబుక్కు ప్రింటు వేసిన రోజే తెలిసింది. ‘నంబరు మార్చుకోకపోవడం మీ తప్పే’ అని బ్యాంకు అడ్డం తిరుగుతాది, తిరగనీండి. మీ జవాబు రాతపూర్వకంగా ఉండాల.

అసలైన మాట ఇంకోటుంది. ‘వేలిముద్ర పడింది కాబట్టి మీరే తీసినారు’ అని కౌంటర్లో అనడం సులభం. అదే సర్క్యులర్ ప్రకారం తప్పు ఖాతాదారుదని రుజువు చేసే భారం బ్యాంకు మీద ఉంది. మీరు కాదని మీరు నిరూపించే పని లేదు. ఫిర్యాదు ఇచ్చిన 10 పనిదినాల్లోపల ఆ మొత్తం తాత్కాలికంగా ఖాతాలో వేయాల, 90 రోజుల్లో తేల్చాల. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. నా పొట్ట నేనే కొట్టుకుంటున్నా అనుకోండి.

1930కి చెప్పడం, బ్యాంకుకి చెప్పడం రెండూ వేర్వేరు. 1930 పని డబ్బు ఎక్కడికి పోయిందో అక్కడ ఆపడం. ఏఈపీఎస్‌లో నోట్లు ఎవడో చేతికి తీసుకున్నా, ఆ మొత్తం ముందు ఆపరేటర్ వాలెట్‌లోకి వస్తాది. వాడు తరలించేలోపల పట్టుకుంటే ఆగుతాది. బ్యాంకుకి విడిగా రాతపూర్వకంగా ఇవ్వాల్సిందే. పోలీసు ఫిర్యాదులో ఐటీ చట్టం 66సీ, 66డీ అని అడగండి. ఒకటి వేరొకరి గుర్తింపు దొంగిలించినందుకు, రెండోది కంప్యూటర్ సాయంతో వేరొకరిలా నటించి మోసం చేసినందుకు.

డాలస్_శ్రీలత
ఆదివారం మధ్యాహ్నం 12:30

ఇన్ని నియమాలున్నాయి సరే, రబ్బరు ముద్రకీ బతికున్న వేలికీ తేడా ఆ యంత్రానికి తెలియదా?

తెనాలి_టెకీ
ఆదివారం మధ్యాహ్నం 1:15

తెలియాలి. ముందున్న వ్యవస్థ వేలి మీద గీతలు ఎక్కడ చీలుతున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి అనే బిందువులే చూసేది. 2023 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ వేలి పూర్తి చిత్రాన్ని కూడా కలిపి, అది ప్రాణమున్న వేలా కాదా అని చూసే పద్ధతి పెట్టామని ప్రకటించింది. స్కానర్లు కూడా పాత ఎల్‌0 రకం తీసేసి, ఇంకా భద్రమైన ఎల్‌1 రకం తెచ్చారు. దానివల్ల కష్టం పెరిగింది. మొత్తంగా ఆగిపోయిందంటే వాసు ఇక్కడికి వచ్చి ఉండేవాడు కాదు.

నాకు అర్థం కానిది ఇంకోటుంది. మల్లన్న చెప్పినట్టు పది వేళ్లలో ఏదైనా నడుస్తుంది. దస్తావేజు మీద పడేది సాధారణంగా బొటనవేలు. ఆ ఒక్క వేలికి తాళం వేసి మిగతావి వాడుకునే వీలిస్తే బీడీల బిడ్డ బాధా తీరుతుంది, వాసు బాధా తీరుతుంది. కానీ లాక్ అంటే అన్నీ లాకే. సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులతో 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. వేలుకో తాళం ఇవ్వడం అంత పెద్ద విషయమా?

బీడీల_బిడ్డ
ఆదివారం మధ్యాహ్నం 1:40

తాళం సంగతి ఇడిసిపెట్టు అన్నా. రిజిస్ట్రేషన్ కాగితం మీద ఆధార్ నంబరు మొత్తం ఎందుకు ఉండాలె? లాడ్జికి పోతే జిరాక్సు, సిమ్ముకు జిరాక్సు, చిట్టీలకు జిరాక్సు. మా దగ్గర కల్లు సొసైటీల సభ్యత్వానికి సుత అడిగిండ్రు.

తెనాలి_టెకీ
ఆదివారం మధ్యాహ్నం 1:52

కల్లు సొసైటీకి ఆధారా! 😀

మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వు. చివరి నాలుగంకెలే కనపడతాయి, అదే సైటులో దొరుకుతుంది. 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు ఆఫీసువాళ్లు జిరాక్సులు ఎక్కడపడితే అక్కడ ఇవ్వకండి, మాస్క్‌డ్ వాడండి అని ప్రకటన ఇచ్చారు. జనం తప్పుగా అర్థం చేసుకునే అవకాశం ఉందని రెండు రోజులకే ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. సలహా మంచిదే, ఇప్పటికీ పనికొస్తుంది.

మైక్రోఏటీఎం_మల్లన్న
ఆదివారం సాయంత్రం 4:10

సిమ్ముల ముచ్చట వచ్చింది కాబట్టి చెప్త. బస్టాండ్ల కాడ గొడుగు కింద సిమ్ములమ్మేటోళ్లు సుత ‘పడలే, మళ్ల పెట్టు’ అనే పాటే పాడ్తరు. రెండో ముద్రకు రెండో సిమ్ము లేస్తది, అది మీ పేరు మీదనే ఇంకెవనికో పోతది. రేపు ఆ సిమ్ముతోటి ఎవనినన్న మోసం చేస్తే పోలీసులు మీ ఇంటికొస్తరు. సంచార్ సాథీ సైటుల మీ నంబరు కొట్టి ఓటీపీ పెడితే మీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నయో చూపిస్తది. మీది కానిది ఉంటే ‘నాది కాదు’ అని నొక్కాలె, అంతే. ఒక మనిషి పేరు మీద తొమ్మిదికి మించి ఉండొద్దు.

పల్నాటి_వాసు
సోమవారం మధ్యాహ్నం 3:25

అందరికీ కృతజ్ఞతలు. శనివారం రాత్రే లాక్ వేశాను. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని అమ్మకి రెండేళ్లుగా నేర్పింది నేనే. ఇప్పుడు నేనే అడిగితే ‘నువ్వు నిజంగా వాసూవేనా, మీ మేనమామ పేరేంటి’ అని అడిగింది. చెప్పాకే చదివింది.

హిస్టరీలో డబ్బు పోయిన తేదీల్లో వేలిముద్ర ఎంట్రీలు ఉన్నాయి, వాటికి ముందు రెండు విఫలమైనవీ ఉన్నాయి. ఇవాళ సెలవు పెట్టి ఊరొచ్చాను. బ్యాంకు మేనేజరు ముందు అదే ‘వేలిముద్ర పడింది కదా’ దగ్గర మొదలుపెట్టారు. కోర్టుపక్షి గారు చెప్పిన సర్క్యులర్ ప్రింటు టేబుల్ మీద పెట్టి, రుజువు భారం ఎవరిదో ఉన్న పేరా చూపించాను. చదివారు, మళ్లీ చదివారు, ‘హెడ్డాఫీసుకి రాస్తాం’ అన్నారు. ఫిర్యాదు మీద ముద్ర వేసి ఇచ్చారు. ఆ లావాదేవీలు జరిగింది వేరే రాష్ట్రంలోని మిషన్లో అని మాత్రం నోటిమాటగా చెప్పారు. అది కాగితం మీద ఇమ్మంటే ఇవ్వలేదు.

ఏఈపీఎస్ డెబిట్ ఆపించాను. అమ్మ ఫోన్ నంబరు మార్పించాను. మిగిలిన డబ్బు ఫిక్సుడులో వేయించాను. ఇంకో బ్యాంకులో జనధన్ ఖాతా ఒకటుందని అక్కడికెళ్తే గానీ అమ్మకి గుర్తురాలేదు, అందులోనూ ఆపమని ఉత్తరం ఇచ్చాను. వాళ్లు చేశామని ఖాయంగా చెప్పాక లాక్ తీసేస్తాను. ఒకటో తారీకు పింఛను అమ్మ వేలితోనే తీసుకుంటుంది. నాది మాత్రం లాక్ చేసే ఉంచుతా.

కోర్టుపక్షి
సోమవారం మధ్యాహ్నం 3:50

భలే పని చేసినారు. మిషన్ ఎక్కడుందో కాగితం మీద ఇవ్వకపోతే పోలీసుల ద్వారా అడిగించండి, వాళ్లకి ఇవ్వక తప్పదు. 10 పనిదినాలు అయినాక తాత్కాలిక జమ పడిందేమో చూసుకోండి. పడకపోతే గుర్తుచేస్తూ ఇంకో ఉత్తరం, దానికీ ముద్ర.

డాలస్_శ్రీలత
సోమవారం రాత్రి 8:05

మా ముగ్గురివీ లాక్ అయ్యాయి. చివరి ప్రశ్న ఒక్కటి. నాన్న నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఫోన్‌లో మొహం చూపించి ఇస్తారు, వేలు పెట్టరు. దానికీ లాక్ అడ్డమేనా?

తెనాలి_టెకీ
సోమవారం రాత్రి 8:20

అడ్డమే. లాక్ వేలికీ, కంటికీ, మొహానికీ కలిపి ఉంటుంది. తాత్కాలికంగా తీసే వీలుంది, తీశాక పది నిమిషాల్లో దానంతటదే పడిపోతుంది. ఆ లోపల సర్టిఫికెట్ అయిపోవాలి. కాబట్టి ముందు మొహం గుర్తుపట్టే ఆధార్ ఫేస్ యాప్, జీవన్ ప్రమాణ్ యాప్ రెండూ ఫోనులో వేసి, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబరు, బ్యాంకు ఖాతా నంబరు చేతిలో పెట్టుకుని, అప్పుడు లాక్ తీయమనండి. లాక్ తీశాక అద్దాల కోసం వెతకడం మొదలుపెడితే పది నిమిషాలు చాలవు.

డాలస్_శ్రీలత
సోమవారం రాత్రి 8:24

మా నాన్న సంగతి మీకెలా తెలుసు? 😀 సరే, పక్కింటి అబ్బాయిని కూర్చోబెట్టి, నేను వీడియో కాల్‌లో ఉండి చేయిస్తాను.

నిర్వాహకుడు
సోమవారం రాత్రి 8:41

పక్కింటి అబ్బాయి సొంత ఫోనులో కాకుండా నాన్నగారి ఫోనులోనే చేయించండి. ఈ చర్చను పైన అతికిస్తున్నాను. వాసు గారూ, బ్యాంకు నుంచి జవాబు వస్తే ఏమన్నారో ఇక్కడ రాయండి, ఖాతా నంబర్లు లేకుండా.